రాతిబాట మీద కర్త ఎవరు?

ఒక పని జరిగినప్పుడు దానిని చేసినవారు ఎవరన్న ప్రశ్న భారతీయ దర్శనాలలో చాలా పాతది, ఇంకా తెగనిది కూడా. కర్తృత్వం అంటే ఒక క్రియకు తానే మూలమన్న భావన. దానితో పాటు ఆ క్రియాఫలానికి తానే బాధ్యుడనన్న బరువు. ఈ చర్చ ఎక్కువగా యజ్ఞం, యుద్ధం, సన్న్యాసం వంటి పెద్ద సందర్భాల చుట్టూ సాగింది గనుక, కొందరు మిత్రులు కలిసి ఎడారిలోని రాతిబాటల మీద జీపులు నడపడానికి వేసుకునే ప్రణాళికను ఆ వరుసలో చేర్చడం కొందరికి చిన్నతనంగా తోచవచ్చు. అయినా అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మోయాబ్ అనే చిన్న ఊరి చుట్టూ ఏటా జరిగే యాత్రలలో ఆ ప్రశ్న తప్పించుకోవడానికి వీలులేని రూపంలో ఎదురవుతుంది. నిటారుగా లేచిన రాతి అంచు మీద బండి ముందుభాగం ఆకాశం వైపు తిరిగినప్పుడు, నడిపేవారికి తమ చక్రాలు ఎక్కడ ఉన్నాయో కనబడదు.

మోయాబ్ కొలరాడో నది ఒడ్డున ఉంది. ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్ అనే రెండు జాతీయ ఉద్యానాలకు అదే వాకిలి. ఊరి పక్కన గుట్టలుగా, పలకలుగా పరచుకున్న నవాహో ఇసుకరాయి దాదాపు 19 కోట్ల సంవత్సరాల కిందట గాలికి కదిలిన ఇసుకదిబ్బలు గట్టిపడి ఏర్పడినది; రబ్బరు టైరు దాని గరుకు ముఖాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, మామూలు కంటికి అసాధ్యమనిపించే వాలును కూడా బండి నెమ్మదిగా ఎక్కగలదు. 1967లో మోయాబ్ వాణిజ్య మండలి ఒక రోజు జీపుయాత్రగా మొదలుపెట్టిన ఈస్టర్ జీప్ సఫారీ, తరువాత రెడ్ రాక్ ఫోర్ వీలర్స్ అనే స్థానిక సంఘం చేతికి వచ్చి, ఈస్టరు ఆదివారంతో ముగిసే తొమ్మిది రోజుల ఉత్సవంగా పెరిగింది. ఆ రోజులు క్రైస్తవ పంచాంగంలో పవిత్ర వారం. శుక్రవారం సిలువ మరణాన్ని, శనివారం సమాధి నిశ్శబ్దాన్ని స్మరించే దినాలు. మోయాబులో మాత్రం ఆ శనివారమే ‘బిగ్ సాటర్‌డే’ అన్న పేరుతో, జట్లు జట్లుగా బండ్లు వీధుల్లో బారులు తీరి, ఒక్కొక్క బాట వైపు కదిలే రోజుగా ప్రసిద్ధి పొందింది. ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపి నవ్వుకోవడం తేలికే గాని, పండుగనాడు జనం కూడి దారి పట్టడం ఏ మతానికీ కొత్త కాదు.

ఇటువంటి యాత్రకు ప్రణాళిక వేయడం అంటే ఏమిటో కొంత వివరంగా తెలిస్తే గాని తాత్త్విక ప్రశ్న నిలబడదు. బాటలకు వాటి కష్టాన్ని బట్టి 1 నుంచి 10 వరకు అంకెలు ఇచ్చే పద్ధతి ఉంది. జట్టులో అన్నిటికంటే తక్కువ ఎత్తున్న, చిన్న టైర్లున్న బండి ఏ అంకె దాకా పోగలదో అదే మొత్తం జట్టుకు హద్దు అవుతుంది. తారురోడ్డు మీద 35 పీఎస్‌ఐ ఉండే టైరు గాలిని 15, 18 దాకా తగ్గిస్తారు, అప్పుడు టైరు పరచుకుని రాతిని పట్టుకుంటుంది. దిగబడిన బండిని లాగే పట్టీలు, ముందుభాగంలో బిగించిన విన్చ్ అనే లాగుడు యంత్రం, ఫోను పనిచేయని లోయలలో మాట్లాడుకోవడానికి రేడియోలు, మనిషికి రోజుకు దాదాపు నాలుగు లీటర్ల లెక్కన నీరు, ఇంత సరంజామా ఉండాలి. కాన్యన్‌లాండ్స్‌లో దాదాపు 160 కిలోమీటర్ల వైట్ రిమ్ దారిలో రాత్రి బస చేయాలంటే ముందుగా పర్మిట్ తీసుకోవాలి. ఒక్కొక్క మజిలీలో 15 మంది, 3 బండ్లకు మించి ఉండకూడదు. దారి పొడవునా తాగే నీరు దొరకదు. పదిమంది మిత్రులు ఒకచోట చేరి ఈ లెక్కలు వేస్తున్నప్పుడు, ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరి బండి చెడితే ఎవరు ఆగాలి అన్నవి తేలుతూ ఉంటాయి గనుక, పైకి సామాన్ల జాబితాగా కనబడే కాగితం నిజానికి బాధ్యతల పంపకం.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ కర్మ సిద్ధించడానికైనా ఐదు కారణాలు కావాలని చెబుతుంది: అధిష్ఠానం, అంటే పని జరిగే ఆధారం, కర్త, కరణాలు, అంటే సాధనాలు, వేరువేరు చేష్టలు, ఐదవది దైవం. వ్యాఖ్యాతలు వీటిని ఒకే విధంగా చెప్పలేదు. శంకరులకు అధిష్ఠానం శరీరం, చేష్టలు ప్రాణాపానాది వాయువుల కదలికలు, దైవం ఇంద్రియాలకు తోడ్పడే ఆదిత్యాది దేవతలు. రామానుజులకు దైవమంటే లోపల ఉండి నడిపించే పరమాత్మే. కాని ఇద్దరూ అంగీకరించే విషయం ఆ తరువాత వచ్చే ఒక శ్లోకంలో ఉంది: ఇన్ని కారణాలు ఉండగా తానొక్కడినే కర్తనని చూసేవాడు సరిగా చూడటం లేదు. రాతి మెట్టు ఎక్కి దిగిన తరువాత ‘నేను ఎక్కించాను’ అని ఛాతీ విరుచుకునే చోదకుడికి ఈ శ్లోకం అచ్చంగా సరిపోతుందని చెప్పి వదిలేయవచ్చు గాని, అంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. ఆ ఐదింటిలో నాలుగింటిని ముందుగా సమకూర్చుకోవడమే ప్రణాళిక అయితే, ప్రణాళిక ఎంత బాగా కుదిరితే దైవానికి మిగిలే చోటు అంత తగ్గుతుందా?

యోగవాసిష్ఠంలోని ముముక్షు ప్రకరణం ఈ ప్రశ్నకు మొహమాటం లేకుండా జవాబు చెబుతుంది: దైవమనేది పూర్వం చేసిన పౌరుషమే, అంటే పాత ప్రయత్నపు ఫలమే, దానికి వేరే ఉనికి లేదు. ఆ మాటను ఒప్పుకుంటే ముందుచూపు లేని యాత్రకు కలిగే ప్రతి ఆపదా ఎవరో ఒకరి నిర్లక్ష్యానికి చిరునామా అవుతుంది. నీళ్లు తక్కువ తెచ్చినవాడు దాహాన్ని విధి మీదికి నెట్టలేడు. ఇది ఆరోగ్యకరమైన కాఠిన్యం. అయితే ఎక్కడో ముప్పై మైళ్ల దూరాన కురిసిన వాన ఎండిన వాగులోకి గోడలా వచ్చిపడే ఆకస్మిక వరదను కూడా పాత ప్రయత్నపు ఖాతాలో వేయడం తర్కానికి అందుతుంది గాని న్యాయానికి అందదు. తెలుగు యాత్రాసాహిత్యంలో దీనికి దగ్గరి మాదిరి ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో దాదాపు వందమంది పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిన ప్రయాణాన్ని వివరించే ‘కాశీయాత్ర చరిత్ర’లో, ఏ మజిలీలో నీళ్లున్నాయో, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయో, ఏ దారి ఎటువంటిదో తరువాతి యాత్రికులకు పనికివచ్చేలా రాసిన చేయే, ఈశ్వరుడి కటాక్షాన్ని తలుచుకుంటూ తత్త్వవిచారం కూడా చేసింది. ఆ రెండింటి మధ్య ఆయనకు పేచీ కనబడలేదు. మజిలీల పట్టిక రాసినవాడు దైవాన్ని తక్కువ చేయలేదు. తన చేతిలో ఉన్నది ఎంతవరకో గీత గీసుకున్నాడు.

అసలు చిక్కు కరణాల దగ్గర, చేష్టల దగ్గర కాక కర్త దగ్గరే వస్తుంది. కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, బుద్ధిని సారథిగా, మనస్సును కళ్లేలుగా, ఇంద్రియాలను గుర్రాలుగా, ఆత్మను రథంలో కూర్చున్న యజమానిగా చెబుతుంది. సారథి తెలివైనవాడైతే గమ్యం చేరతాడు. ఆ రథానికి వెలుపల ఎవరూ లేరు. మోయాబ్ బాటల మీద మాత్రం, కష్టమైన మెట్టు వచ్చినప్పుడు, ఒక మనిషి బండి దిగి ముందుకు వెళ్లి, రాతి మీద నిలబడి, చక్రాలను చూస్తూ చేతి సైగలతో దారి చెబుతాడు. అతణ్ణి స్పాటర్ అంటారు. ఎడమకు అంటే ఎడమకు, ఆగు అంటే ఆగడం చోదకుడి పని. అక్కడ తన కంటికి కనబడేది ఆకాశం, బండి మూత మాత్రమే. ఒకే స్పాటర్ ఉండాలన్నది గట్టి నియమం, ఎందుకంటే నలుగురు నాలుగు వైపుల నుంచి అరిస్తే బండి పక్కకు ఒరుగుతుంది. స్టీరింగు ఒకరి చేతిలో, చూపు మరొకరి కంటిలో ఉన్నప్పుడు చక్రం తప్పితే ఆ తప్పు ఎవరిది? సారథి బుద్ధి రథం వెలుపల నిలబడి ఉన్న ఈ ఏర్పాటుకు ఉపనిషత్తు ఉపమానంలో చోటు లేదు.

చోటు న్యాయశాస్త్రంలో ఉంది. ప్రమాణం అంటే సరైన జ్ఞానాన్ని కలిగించే సాధనం. న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానాలతో పాటు శబ్దాన్ని, అంటే ఆప్తుడి మాటను, నాలుగో ప్రమాణంగా ఒప్పుకుంటుంది. ఆప్తుడు ఎవరంటే, విషయాన్ని స్వయంగా సాక్షాత్కరించుకున్నవాడు, చూసినది చూసినట్టు చెప్పాలన్న కోరికతో చెప్పేవాడు అని వాత్స్యాయనుడు తన భాష్యంలో నిర్వచించి, ఈ లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమేనని స్పష్టంగా చేర్చాడు. కులమూ శాస్త్రపాండిత్యమూ కాక, చూపు, నిజాయితీ మాత్రమే ఆప్తత్వానికి కొలతలన్న ఈ మాట ఎంత ధైర్యమైనదో, తరువాతి కాలంలో దాన్ని ఎంత తక్కువగా పట్టించుకున్నామో చెప్పడానికి వేరే గ్రంథం కావాలి. స్పాటర్‌కు ఈ నిర్వచనం అక్షరాలా సరిపోతుంది: అతడు చక్రాన్ని చూస్తున్నాడు, చూసినది చెప్పడం తప్ప అతడికి వేరే పని లేదు. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు, వైశేషికులు శబ్దాన్ని విడిగా ఒప్పుకోక, చెప్పేవాడి నమ్మకస్థత నుంచి చేసే అనుమానంలో దాన్ని కలుపుతారు. అంటే ఈ మనిషి ఇంతకుముందు పదిసార్లు సరిగా చెప్పాడు గనుక ఇప్పుడూ సరిగానే చెబుతాడని చోదకుడు ఊహిస్తున్నాడన్నమాట. ప్రణాళిక వేసేటప్పుడు స్పాటర్‌ను ఎంచుకోవడానికి ఈ వాదం బాగా పనికివస్తుంది. మెట్టు మధ్యలో, ఒక చక్రం గాలిలో ఉన్నప్పుడు, ఎవరూ అనుమానప్రక్రియ నడపరు.

జ్ఞానం నిజమైనదని ఎలా తెలుస్తుందన్న దానిపై మీమాంసకులకు, నైయాయికులకు మధ్య నడిచిన స్వతఃప్రామాణ్య, పరతఃప్రామాణ్య వాదం ఇక్కడే పదునెక్కుతుంది. కుమారిలభట్టు పక్షం ప్రకారం, జ్ఞానం పుట్టడంతోనే నిజంగా చెల్లుతుంది, దోషమో బాధకమో కనబడితేనే దాన్ని వదులుకోవాలి, ఇది స్వతఃప్రామాణ్యం. నైయాయికుల ప్రకారం, ఆ జ్ఞానాన్ని నమ్మి చేసిన ప్రవృత్తి ఫలించినప్పుడు గాని దాని నిజం నిశ్చయం కాదు; ఇది పరతఃప్రామాణ్యం. చోదకుడు నైయాయికుడైతే అంచు దాటిన తరువాత గాని స్పాటర్ మాట ప్రమాణమని తేలదు, కాని దాటాలంటే ముందే నమ్మాలి. సందేహంతో కూడా ప్రవృత్తి సాగుతుందని నైయాయికులు సమాధానం చెబుతారు, అది తార్కికంగా దిట్టమైనదే. అయినా సందేహిస్తూ సగం తొక్కిన ఆక్సిలరేటరు రాతి మెట్టు మీద బండిని వెనక్కు జారుస్తుంది. ఆ క్షణానికి మీమాంసకుడే మేలు, బయలుదేరకముందు మాత్రం నైయాయికుడు కావాలి. సన్నాహంలో ఎంతైనా ప్రశ్నించి, రాతి మీద ప్రశ్నించకుండా ఉండగలిగే జట్టును కూర్చడమే ప్రణాళికకు అసలు పని.

ఇంతమందితో ఎడారికి వెళ్లడం అసలు ఎడారికి వెళ్లడమేనా అన్న ఆక్షేపణ ఒకటి ఉంది. 1956, 1957లలో ఆర్చెస్‌లో రేంజరుగా పనిచేసి, ఆ అనుభవాన్ని 1968లో ‘డెజర్ట్ సాలిటైర్’ అన్న పుస్తకంగా వెలువరించిన ఎడ్వర్డ్ ఆబీ, ఉద్యానాలలోకి కార్లు రానివ్వకూడదని వాదించాడు. ఎడారి ఒంటరిగా, కాలినడకన తెలియవలసినదని ఆయన నమ్మకం. ఆయన కూడా ఆ ఉద్యోగంలో ప్రభుత్వం వారి పికప్ ట్రక్కు నడిపాడన్నది పక్కన పెట్టినా, ఈ వాదానికి వయసు చాలా ఎక్కువ. ఈజిప్టు ఎడారిలో ఏకాంతంగా తపస్సు చేసిన ఆంటొనీ, నాలుగో శతాబ్దంలో అదే దేశంలో సామూహిక మఠజీవితాన్ని నెలకొల్పిన పఖోమియస్, క్రైస్తవ సన్న్యాసానికి ఈ రెండు దారులనూ వేశారు. సిజేరియా బిషప్ బాసిల్ రెండో దారి వైపు నిలబడి, ఒంటరిగా ఉన్నవాడు ఎవరి పాదాలు కడుగుతాడని అడిగాడు. క్రీస్తు శిష్యుల పాదాలు కడిగినట్టు సువార్త చెప్పే రాత్రి పవిత్ర వారంలోని గురువారం రాత్రే. రాతిబాటల జట్లలో ఒక మంచి ఆచారం ఉంది: దారి చీలినచోట ప్రతి చోదకుడూ తన వెనుక బండి కనబడేదాకా ఆగి, దానికి మలుపు చూపి కదలాలి. ముందున్నవారిని నమ్మాలి, వెనుక ఉన్నవారికి బాధ్యత వహించాలి. ఈ ఆచారం పాటించినంతవరకు ఎంత పొడవు వరుసలోనూ ఎవరూ తప్పిపోరు. బాసిల్ ప్రశ్నకు ఇంత సాదా జవాబు దొరకడం ఆయనకు నచ్చి ఉండేదేమో.

అయితే కర్తను పంచుకున్నంత మాత్రాన లెక్క సరిపోదు. అధిష్ఠానాన్ని వ్యాఖ్యాతలు శరీరమని చెప్పినా, దాన్ని పని జరిగే నేలకు విస్తరించి చూస్తే, మోయాబ్ రాతిబాటలు వేరే ముఖం చూపుతాయి. 1952లో చార్లీ స్టీన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ ప్రాంతంలో యురేనియం కనుగొన్న తరువాత వచ్చిన వెర్రిలో, అణుశక్తి కమిషన్ ప్రోత్సాహంతో బుల్డోజర్లు గీసిన దారులే ఈనాటి వినోదపు బాటలలో చాలావరకు. వైట్ రిమ్ దారి కూడా అలా పుట్టినదే. ఆ ఖనిజాన్ని శుద్ధి చేసిన మిల్లు మూతబడిన తరువాత కొలరాడో ఒడ్డున మిగిలిన దాదాపు 1.6 కోట్ల టన్నుల వ్యర్థాన్ని 2009 నుంచి రైలులో క్రెసెంట్ జంక్షన్ దగ్గరికి తరలిస్తూ వచ్చారు. నవాహో గనికార్మికులతో పాటు ఊపిరితిత్తుల జబ్బుల పాలైనవారికి పరిహారం ఇచ్చే చట్టం 1990లో గాని రాలేదు. ఆ గనులు తవ్వించినవారి ప్రణాళికలు కూడా బాగానే ఉండి ఉంటాయి. ఫలం మాత్రం వారి కాగితం మీది గడులలో ఇమడలేదు.

నేలకు ప్రాణం కూడా ఉంది. రాతి నుంచి దిగి ఇసుక మీదికి వెళ్తే కనబడే నల్లని గరుకు పొర సయనోబాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి అల్లిన జీవపు చర్మం. మట్టిని గాలికి పోకుండా పట్టి ఉంచేది అదే, ఒక్కసారి టైరు కింద నలిగితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే ఎంత అడ్డం వచ్చినా బాట దాటి పక్కకు పోకూడదన్నది అక్కడి మొదటి నియమం. 2023లో కేంద్ర భూనిర్వహణ సంస్థ లాబిరింత్ కాన్యన్, జెమినై బ్రిడ్జెస్ ప్రాంతంలో 317 మైళ్ల దారులను మోటారు బండ్లకు మూసివేసినప్పుడు చోదకుల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. వారి కోపంలో కొంత న్యాయం లేకపోలేదు, ఎందుకంటే జాగ్రత్తగా నడిపేవారిని, నడపనివారిని మూసివేత ఒకే గాటన కడుతుంది. కాని ఆ గొడవలో రెండు పక్షాలూ వినోదం గురించి, పర్యావరణం గురించి మాట్లాడినంతగా ఎవరి నేల అన్నది మాట్లాడలేదు. మోయాబుకు దక్షిణాన దాదాపు 13.5 లక్షల ఎకరాల బేర్స్ ఇయర్స్ ప్రాంతాన్ని హోపీ, నవాహో, జునీ జాతులతో పాటు రెండు యూట్ జాతులు కలిసి కోరిన మీదట 2016 డిసెంబరులో ఒబామా జాతీయ స్మారకంగా ప్రకటించడం, ఏడాదికి ట్రంప్ దాన్ని బాగా కుదించడం, 2021లో బైడెన్ తిరిగి విస్తరించడం జరిగింది. హోపీ వారు అక్కడి పాత ఇళ్ల శిథిలాలను, రాతి మీది బొమ్మలను తమ పూర్వికుల అడుగుజాడలుగా చూస్తారు; వారి లెక్కలో అది ఖాళీ ఎడారి కాదు, ఇంకా నివాసమున్న ఇల్లు. ఇల్లు అని తెలిసినచోట యాత్రికుడు అతిథి అవుతాడు, అతిథి ప్రణాళికలో అనుమతి అన్న అంశం టైరు గాలి కంటే ముందు రావాలి. తిరుమల కొండ మీద చెప్పులు విడిచి నడిచే తెలుగువారు, సెలవుల్లో ఆర్చెస్‌కు వెళ్లినప్పుడు ఈ విషయం గ్రహించడం కష్టం కాకూడదు.

చివరికి దైవం మిగులుతుంది. రామానుజుల అర్థంలో తీసుకున్నా, శంకరుల అర్థంలో తీసుకున్నా, ప్రణాళికలో దైవానికి ఇచ్చే చోటు ఆచరణలో ఒకే రూపంలో ఉంటుంది: వెనక్కు తిరగడానికి ముందుగానే పెట్టుకున్న గడువు. మధ్యాహ్నం ఇన్ని గంటలకు ఫలానా మెట్టు దాటకపోతే తిరిగి పోవాలి, మబ్బు కనబడితే వాగులోకి దిగకూడదు అన్న మాటలు ఇంట్లో కూర్చుని రాయడం సులువు. ఎక్కడానికి వచ్చిన పదిమంది ఎదుట, ఇంకొక్క ప్రయత్నం అన్న కేకల మధ్య, ఆ మాట పైకి అనడం కష్టం. ఆ అధికారం ఎవరిది కావాలన్నది బయలుదేరకముందే తేలాలి. బాట తెలిసినవాడని దాన్ని ముందు బండివాడికి ఇవ్వడం ఎక్కువ జట్లలో అలవాటు, దానికి కారణం ఉంది, ముందు ఏముందో అతడికి తెలుసు. కాని వాత్స్యాయనుడి కొలతతో చూస్తే, జట్టు ఎంత అలసిందో, ఏ బండి ఎన్నిసార్లు ఇరుక్కుందో, ఏ టైరు బాట దాటి నల్లని పొర మీద పడిందో స్వయంగా చూసినవాడు వరుసలో చివరన వచ్చే బండివాడు. అందువల్ల ముందుకు పోదామన్న మాట ముందు బండివాడిది అయినా, చాలు, తిరుగుదామన్న మాటకు చివరి బండివాడినే ఆప్తుడిగా ఒప్పుకుని, అతడు రేడియోలో ఆ మాట అన్నప్పుడు కారణం అడగకుండా బండి మళ్లించడం మేలు.